బెల్లపు దిమ్మల ఊరు: అనకాపల్లి



మనుషులకు వృత్తులున్నట్టే ఊళ్ళకు కూడా వృత్తులుంటాయి. విశాఖపట్నాన్నే చూడండి. 1933 లో అక్కడ పెద్ద రేవు తెరిచారు. నాటి నుంచి ఓడలకు సరుకు ఎక్కించటం, దించటం ఆ ఊరి వృత్తి అయింది. 1971 లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి వేశారు. 1992 లో దాన్ని జాతికి అంకితం చేశారు. అప్పటికి ఉక్కు ఆ ఊరికి రెండో వృత్తి అయి కూర్చున్నది.

ఆ విశాఖపట్నం నుంచి నైరుతి దిక్కుగా రైలెక్కి ముప్ఫయి కిలోమీటర్లకు కాస్త పైగా వెళితే శారదా నది ఒడ్డున ఒక ఊరు వస్తుంది. దాని పేరు అనకాపల్లి. దానికి ఓడలు లేవు, కొలుములు లేవు. అయినా ఆ పేరు చెప్పగానే తెలుగుదేశంలో ఎవరికైనా ఒకే వస్తువు జ్ఞాపకం వస్తుంది. అదే బెల్లం! ఉత్తరాదిన ముజఫర్‌నగర్ బెల్లానికి ఎంత పేరున్నదో, మన వైపు అనకాపల్లి బెల్లానికి అంత పేరున్నది.

ఒక ఊరికి ఇట్లాంటి పేరు ఎట్లా వస్తుంది? వచ్చిన పేరు ఎట్లా నిలుస్తుంది? ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

సంత ఊళ్ళు

ప్రపంచంలో అనేక ఊళ్ళు కోటల వల్ల పుట్టినవి. కొన్ని గుళ్ళ వల్ల పుట్టినవి. మరి కొన్ని సంతల వల్ల పెరిగినవి. చుట్టుపక్కల పల్లెలవారు పండించినది తెచ్చి అమ్ముకుని, తమకు కావలసినది కొనుక్కుని పోవటానికి ఒక చోటు కావాలి గదా! అట్లాంటి చోటు క్రమంగా ఊరవుతుంది. మన భాషలో పేట అనే మాటకు అంగళ్ళున్న ఊరు అని కూడా అర్థమున్నది. అందుకే మన దేశంలో ఎన్ని ఊళ్ళ పేర్లు పేటతో ముగుస్తాయో లెక్క లేదు.

ఇంగ్లండులో ఇట్లాంటి సంత ఊళ్ళు చాలా ఉన్నవి. పూర్వం అక్కడ ఎవరు పడితే వారు సంత పెట్టటానికి వీలు లేదు. రాజుగారు పత్రం రాసి ఇవ్వాలి. ఫలానా ఊళ్ళో, ఫలానా వారం సంత జరుపుకోవచ్చునని ఆ పత్రంలో ఉండేది. అంతే కాదు. 13 వ శతాబ్దంలో బ్రాక్టన్ అనే న్యాయవేత్త పేరిట వెలసిన గ్రంథంలో ఒక చక్కని లెక్క ఉన్నది. మనిషి ఒక రోజులో 20 మైళ్ళు నడుస్తాడు. ఆ రోజును మూడు భాగాలు చేస్తే, ఒక భాగం సంతకు పోవటానికి, ఒక భాగం అమ్మకాలకూ కొనుగోళ్ళకూ, మూడో భాగం చీకటి పడకుండా ఇంటికి చేరటానికి సరిపోతుంది. కనుక ఒక సంతకూ మరొక సంతకూ మధ్య 20 లో మూడో వంతు, అంటే ఆరు మైళ్ళకు పైగా దూరం ఉండాలని దాని సారాంశం. మన లెక్కలో అది సుమారు 11 కిలోమీటర్లు.

ఆ సంతల్లో మరొక విశేషం కూడా ఉండేది. సంతలో తగాదా వస్తే తీర్చటానికి అక్కడికక్కడే ఒక న్యాయస్థానం కూర్చునేది. దానికి "దుమ్ము కాళ్ళవారి న్యాయస్థానం" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. దూరాల నుంచి నడిచి వచ్చే వర్తకుల కాళ్ళకు దుమ్ము ఉంటుంది గదా! రేపు వాళ్ళు మరో ఊరికి వెళ్ళిపోతారు. నెలల తరబడి విచారణ చేస్తే లాభమేమిటి? అందుకని తగాదా వెంటనే తీర్చేవారు.

ఎందుకింత ఏర్పాటు? సంతలో కొనేవాడూ అమ్మేవాడూ ఒకరికొకరు చుట్టాలు కారు, ఇరుగుపొరుగు కూడా కారు. ముక్కూమొహం తెలియని ఇద్దరు మనుషులు ఒకరి చేతిలో ఒకరు సరుకూ డబ్బూ పెట్టాలంటే, వారి మధ్య నమ్మకం ఉండాలి. రాజు పత్రం, న్యాయస్థానం, సరైన తూనికరాళ్ళు అన్నీ ఆ నమ్మకం కోసమే. సంతకు పందిళ్ళు లేకపోయినా ఫరవాలేదు కాని, నమ్మకం లేకపోతే సంత ఒక్క వారం కూడా నిలవదు. ఈ మాట గుర్తుంచుకోండి. మన అనకాపల్లి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కొండ మీద దొరికిన నాణేలు

అనకాపల్లి పక్కనే శంకరం అనే గ్రామం ఉన్నది. అక్కడ పక్కపక్కనే రెండు కొండలున్నవి. ఒకటి బొజ్జన్నకొండ, రెండోది లింగాలకొండ. ఆ కొండల్లో రాతిని తొలిచి చేసిన గుహలూ, బుద్ధుని విగ్రహాలూ, చిన్నా పెద్దా స్తూపాలూ ఉన్నవి. బౌద్ధ భిక్షువులు నివసించే చోటును సంఘారామం అంటారు. ఆ సంఘారామమే జనం నోట శంకరం అయిందని చెబుతారు.

1907, 1908 సంవత్సరాల్లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు అక్కడ తవ్వకాలు జరిపాడు. మట్టిలో నాణేలు దొరికినవి. ఒకటి ఎక్కడో గంగాతీరాన రాజ్యమేలిన సముద్రగుప్తుని బంగారు నాణెం. మరికొన్ని చాళుక్యరాజు విష్ణువర్ధనుని రాగి నాణేలు. శాతవాహనుల సీసపు నాణెం కూడా ఉన్నది. గంగ ఒడ్డున అచ్చువేసిన బంగారు నాణెం శారద ఒడ్డుకు ఎట్లా వచ్చింది? నాణెం తనంతట తాను నడవదు. ఏ యాత్రికుడో, ఏ వర్తకుడో మూట కట్టుకుని తెచ్చి ఉండాలి. అంటే అంత పూర్వమే దూరదేశాలవారు ఈ దారిన వచ్చిపోతూ ఉండేవారన్నమాట!

తరవాతి కాలంలో ఆ కొండ సంగతి జనం మరిచిపోయారు. కనుమ పండుగనాడు చుట్టుపక్కలవారు కొండకు తీర్థం వెళ్ళి, గుండ్రంగా ఉన్న ఒక స్తూపాన్ని చూసి అది రాక్షసుడి పొట్ట అనుకుని రాళ్ళు విసిరేవారు. పాపం, వారికి తెలియదు! పురావస్తువులంటే శ్రద్ధ ఉన్నవారు నచ్చచెప్పిన మీదట ఈ మధ్య కాలంలో ఆ అలవాటు మాన్పించారు. తన ఊరి చరిత్ర తెలియకపోతే మనిషి తన చేతులతోనే దానికి రాళ్ళు వేస్తాడనటానికి ఇది మంచి ఉదాహరణ.

కాలం మారినా దారి మారలేదు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే పెద్ద బాట అనకాపల్లి మీదుగానే పోయేది. 1870 ల ప్రాంతంలోనే ఊరికి పురపాలక సంఘం ఏర్పడింది. 1893 ప్రాంతంలో తీరం వెంట రైలు వచ్చింది. బండి మీద పది రోజుల్లో పోయే సరుకు రైలు మీద ఒకటి రెండు రోజుల్లో పోసాగింది. ఇక అమ్మటానికి మంచి సరుకు ఒకటి కావాలి. ఆ సరుకు ఊరి చుట్టూ పొలాల్లోనే పెరుగుతున్నది.

ఆగని పంట

శారదా నది తూర్పు కనుమల్లో పుట్టి, అనకాపల్లి పక్కగా పారి, బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ నది నీరు, ఒండ్రు మట్టి చెరకుకు బాగా పనికివస్తవి. అయితే చెరకుకు ఒక విచిత్రమైన గుణం ఉన్నది. వడ్లు కోసి గాదెలో పోస్తే ఏడాది ఉంటవి. కందులు కుండలో పోస్తే నెలల తరబడి ఉంటవి. చెరకు మాత్రం ఆగదు. కొట్టిన ఒక రోజులోపల గానుగ ఆడించి తీరాలి. ఎందుకని?

చెరకు రసంలో ఉన్న తీపికి సుక్రోజు అని పేరు. దాని ఒక్కొక్క అణువులోనూ రెండు చిన్న చక్కెరలు చేతులు పట్టుకుని ఉంటవి. ఒకటి గ్లూకోజు, రెండోది ఫ్రక్టోజు. గడను కొట్టిన క్షణం నుంచి ఆ చేతులు విడిపోవటం మొదలవుతుంది. గడ వడిలినకొద్దీ, ఎండ సోకినకొద్దీ ఇంకా త్వరగా విడిపోతవి. సుక్రోజు చక్కగా గడ్డ కడుతుంది. విడిపోయిన చక్కెరలు మాత్రం గడ్డ కట్టవు సరికదా, గాలిలోని తేమను లాక్కుని జిగురుగా తయారవుతవి. అందుకే వడిలిన చెరకుతో వండిన బెల్లం మెత్తగా, చేతికి అంటుకుంటూ ఉంటుంది.

కాబట్టి చెరకు తోటకు గానుగ దగ్గరగా ఉండాలి. గానుగకు బజారు దగ్గరగా ఉండాలి. రైతు తెల్లవారుజామున బండి కట్టి, అమ్మకం చూసుకుని, రాత్రికి ఇల్లు చేరాలి. చూశారా, బ్రాక్టన్ లెక్క శారదా తీరానికి కూడా సరిపోయింది! అనకాపల్లి బెల్లపు ఊరు కావటం వింత కాదు. నది, తోట, గానుగ, బాట, రైలు, అన్నీ ఒక్క చోట కలిసినవి.

బెల్లం వండటం

బెల్లం వండటం ఎన్నడైనా చూశారా? చూడకపోతే సంక్రాంతి దాటిన తరవాత ఆ వైపు పల్లెలకు వెళ్ళండి. దూరం నుంచే కమ్మని వాసన వస్తుంది.

మొదట చెరకును గానుగలో పెట్టి రసం తీస్తారు. పూర్వం ఎద్దులు గానుగ తిప్పేవి. ఇప్పుడు కరెంటు మోటార్లు తిప్పుతున్నవి. రసాన్ని వెడల్పాటి పెద్ద ఇనప పెనంలో పోసి, కింద మంట పెడతారు. మంటకు కట్టెలు కొననక్కరలేదు. రసం పిండగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. చెరకు తనను తానే వండుకుంటుందన్నమాట!

రసం కొద్దిగా పుల్లగా ఉంటుంది. పులుపు ఉంటే సుక్రోజు ఇంకా విడిపోతుంది. అందుకని కాస్త సున్నపు తేట కలుపుతారు. సున్నం పులుపును విరిచేస్తుంది. రసం కాగేకొద్దీ మురికి అంతా తెట్టుగా పైకి తేలుతుంది. దాన్ని గరిటెలతో తీసి పారవేస్తారు. బెండ మొక్కల కాండాలు నలిపి, ఆ జిగురునీరు కలిపితే మురికి మరింత బాగా పైకి వస్తుంది. జిగురు మురికి రేణువులను పట్టుకుని పైకి లాక్కువస్తుంది.

నీరు ఆవిరైనకొద్దీ రసం చిక్కబడి, పాకమై, బంగారు రంగు బుడగలు వేస్తుంది. ఇప్పుడే వండేవాడి నేర్పు తెలిసేది. కాస్త పాకం తీసి చల్లని నీళ్ళలో వేస్తాడు. అది గట్టి ఉండ అయితే పెనం దించవలసిందే. ఒక నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. ఒక నిమిషం తొందరపడితే గడ్డ కట్టదు. దగ్గర థర్మామీటరు ఉంటే 118 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో చూపిస్తుంది. దించిన పాకాన్ని తొట్టిలో పోసి కలియబెట్టి, చల్లారుతూ ఉండగా అచ్చుల్లో పోస్తారు. గట్టిపడ్డ ఆ పెద్ద ముద్దనే దిమ్మ అంటారు. ఒక్కొక్క దిమ్మ పది కిలోలకు పైగా తూగుతుంది.

ఇంత కష్టపడితే ఎంత బెల్లం వస్తుంది? వెయ్యి కిలోల చెరకు ఆడిస్తే ఆరువందల కిలోలకు పైగా రసం వస్తుంది. దానిలో నీరంతా పోగా వంద కిలోల బెల్లం మిగులుతుంది. పదింట ఒక వంతు!

బజారులో

దిమ్మలన్నీ బండ్లలోనూ, లారీల్లోనూ అనకాపల్లి బజారుకు వస్తవి. అక్కడ ఒక్కొక్క రైతు సరుకును వరసలుగా పేర్చుతారు. వర్తకులు వరసల మధ్య నడుస్తూ, రంగు చూస్తారు, గట్టితనం చూస్తారు, ఒక మూల పగలగొట్టి పలుకు ఎట్లా ఉన్నదో చూస్తారు, నాలుక మీద వేసుకుని రుచి చూస్తారు. మేలిరకం, మధ్యరకం, నలుపురకం అని నిర్ణయిస్తారు. తరవాత వేలంపాట. పాట అయిన సరుకును తూచేవారు తూస్తారు. ఈ తూకపు పనివారిని అక్కడ కొలగార్లు అంటారు. తూకం రాసుకున్న చీటీ రైతు చేతికి వస్తుంది. సరుకు ఒడిశాకూ, బెంగాలుకూ, ఇంకా ఎన్నో చోట్లకూ వెళుతుంది.

తూకం అనగానే ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. పూర్వం మన వైపు వీశెలు, మణుగులు వాడేవారు. 120 తులాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. మన మణుగు సుమారు 11 కిలోల పైచిలుకు. కాని బెంగాలు మణుగు 37 కిలోలకు పైనే! పేరు ఒకటే, బరువు మూడింతలకు పైగా తేడా! కలకత్తా వర్తకుడు "వంద మణుగులు" అని ఉత్తరం రాస్తే, అనకాపల్లి వర్తకుడు "ఎవరి మణుగులు?" అని తిరుగు ఉత్తరం రాయవలసిందే. ఎంత గందరగోళం! ఇందులో తెలివైనవాడు తెలియనివాణ్ణి మోసగించటానికి ఎంత చోటున్నది! 1956 లో కేంద్ర ప్రభుత్వం తూనికల చట్టం చేసింది. 1958 నుంచి దేశంలో కిలోగ్రాముల తూకం అమలులోకి రాసాగింది. నాటితో అందరి మణుగులూ పోయి, ఒకే కిలో మిగిలింది.

1966 లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. మార్కెట్ కమిటీలు ఏర్పడినవి. అమ్మకం నలుగురి ఎదుట జరగాలి, తూకం సరిగా ఉండాలి, రైతుకు డబ్బు అందాలి అనేవి దాని ఉద్దేశాలు. ఆలోచించి చూడండి. ఇంగ్లండు రాజు ఇచ్చిన పత్రమూ, దుమ్ము కాళ్ళవారి న్యాయస్థానమూ, మన మార్కెట్ కమిటీ, కిలోరాయి, ఇవన్నీ ఒక తల్లి బిడ్డలే!

రెల్లుగడ్డి చేసిన మేలు

మంచి బెల్లానికి మంచి చెరకు కావాలి. 1912 లో కోయంబత్తూరులో చెరకు వంగడాలు తయారుచేసే సంస్థను స్థాపించారు. మరుసటి సంవత్సరం, 1913 లో, అనకాపల్లిలో చెరకు పరిశోధన మొదలైంది.

కోయంబత్తూరులో శాస్త్రజ్ఞులు ఒక సాహసం చేశారు. లావుగా, తియ్యగా ఉండే చెరకుకు తెగుళ్ళు, చలి, నీటి ఎద్దడి తట్టుకునే శక్తి తక్కువ. ఏటి ఒడ్డున ఎవరూ నాటకుండానే పెరిగే రెల్లుగడ్డి ఉన్నది చూశారూ, అది చెరకుకు దాయాది. దానిలో తీపి లేదు కాని మొండితనం ఉన్నది. వారు చెరకును రెల్లుతో సంకరం చేశారు. 1918 లో "కో 205" అనే వంగడం రైతులకు అందింది. అందరూ పనికిరానిదని కొట్టి పారవేసే గడ్డి, దేశానికంతకూ తీపి పంచటానికి సాయపడింది!

అనకాపల్లిలో కూడా ఎన్నో వంగడాలు తయారైనవి. వాటి పేర్లు సంకేతాల్లాగా ఉంటవి. ఉదాహరణకు "87 ఎ 298". ఇందులో 87 అనేది 1987 వ సంవత్సరాన్నీ, "ఎ" అనేది అనకాపల్లినీ సూచిస్తవి. దీనికి విశ్వామిత్ర అనే ముద్దుపేరు కూడా ఉన్నది. ఒక గడ నాటి, పరీక్షించి, మళ్ళీ నాటి, మళ్ళీ పరీక్షించి మంచిదని తేల్చటానికి ఏళ్ళ తరబడి పడుతుంది. శాస్త్రజ్ఞుడికి రైతుకున్నంత ఓపిక ఉండాలి.

పచ్చని మోసం

ఇప్పుడు ఒక చేదు సంగతి చెప్పాలి.

బజారులో పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి ఎక్కువ ధర పలుకుతుంది. ముదురు రంగు బెల్లానికి తక్కువ. కారణం? కొనేవారికి పచ్చని బెల్లమే శుభ్రమైనదని భ్రమ. నిజానికి బెల్లం రంగు మట్టిని బట్టి, వంగడాన్ని బట్టి, వండిన తీరును బట్టి మారుతుంది. గోధుమరంగు బెల్లం రోత కాదు. అదే దాని సహజమైన రంగు.

కాని ధర రంగును బట్టి ఉన్నప్పుడు కొందరు ఏం చేస్తారు? కాగుతున్న రసంలో హైడ్రోస్ అనే తెల్లని పొడి వేస్తారు. సోడియం హైడ్రోసల్ఫైట్ అనేది దాని రసాయన నామం. బట్టలకూ, కాగితానికీ రంగు తీయటానికి వాడే సరుకు అది! అది పడగానే పాకం పచ్చగా నిగనిగలాడుతుంది. అయితే ఆ నిగనిగ నాలుగు రోజుల ముచ్చటే. నిలవ ఉంచినకొద్దీ బెల్లం మళ్ళీ నల్లబడుతుంది. గంధకపు అంశం మాత్రం లోపల ఉండిపోతుంది. మోతాదు మించితే ఒంటికి మంచిది కాదు.

ఇది ఎవరి తప్పు? వండినవాడిదే అని మీరు అంటారు. కొంత నిజమే. కాని ఆ రైతు వైపు నుంచి కూడా చూడండి. పొడి వేయని బెల్లం తెస్తే వర్తకుడు తక్కువ ధర కడతాడు. వర్తకుణ్ణి అడిగితే "నా దగ్గర కొనేవారు పచ్చనిదే అడుగుతున్నారు" అంటాడు. కొనేవారు ఎవరు? మనమే! దుకాణం ముందు నిలబడి "అది వద్దు, నల్లగా ఉంది, ఆ పచ్చనిది ఇవ్వండి" అన్న ప్రతివారూ ఆ పొడిలో ఒక చిటికెడు వేసినట్టే.

నూరేళ్ళకు పైగా అనేకమంది రైతులూ, వర్తకులూ, కూలివారూ, శాస్త్రజ్ఞులూ కలిసి సంపాదించిన పేరు అది. ఆ పేరును ఒక చెంచాడు పొడి కరిగించివేయగలదు. అందుకనే పొడి వేయకుండా వండండని పరిశోధన కేంద్రంవారు చెబుతున్నారు. సున్నపు తేట, బెండ జిగురు చాలునంటున్నారు. అట్లా వండేవారు ఉన్నారు. వారి బెల్లానికి సరైన ధర వస్తే వారి సంఖ్య పెరుగుతుంది, రాకపోతే తరుగుతుంది.

ఊరి స్వభావం

అనకాపల్లి ఇలవేల్పు నూకాలమ్మ. ఉగాదికి ముందురోజు వచ్చే అమావాస్యను ఆ వైపువారు కొత్త అమావాస్య అంటారు. ఆనాడు నూకాలమ్మ జాతర మొదలవుతుంది. తరవాత నెల రోజులపాటు జనం వస్తూనే ఉంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త బెల్లం కూడా ఊళ్ళో నిండుగా ఉంటుంది. మరునాడు ఉగాది పచ్చడిలో పడేది ఆ కొత్త బెల్లమే. పంట, పండుగ, బజారు మూడూ ఒకే నెలలో కలిసే ఊరు ఎంత సందడిగా ఉంటుందో ఊహించుకోండి!

ఈ ఊరివారికి బెల్లం సరుకు మాత్రమే కాదు, మర్యాద కూడా. మన దేశంలో బెల్లానికి ఈ గౌరవం ఎన్నో చోట్ల ఉన్నది. తెలంగాణలో మేడారం సమ్మక్క సారలమ్మల జాతరలో భక్తులు అమ్మవార్లకు నిలువెత్తు బెల్లం సమర్పిస్తారు. అక్కడ దాన్ని బెల్లం అనరు. ఏమంటారో తెలుసా? "బంగారం" అంటారు!

రేపటి మాట

2013 లో అనకాపల్లి పురపాలక సంఘాన్ని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. 2022 ఏప్రిల్ 4 న అనకాపల్లి పేరుతో కొత్త జిల్లా ఏర్పడి, ఈ ఊరు జిల్లా కేంద్రమైంది. పేరు పెరిగింది. కాని చెరకు తోటలు మునుపటివలె లేవు. చెరకు కొట్టటానికీ, గానుగ దగ్గరికీ మనుషులు దొరకటం కష్టమైంది. పడుచువాళ్ళు కర్మాగారాల పనికి పోతున్నారు. ఊరి పక్క తుమ్మపాలలో ఉన్న చక్కెర కర్మాగారం మూతపడింది. శారద మీద కట్టిన రైవాడ జలాశయం నీరు పొలాలకే కాక, విశాఖపట్నంవారి దాహానికి కూడా పోవలసి ఉన్నది. విశాఖలో ఎవరైనా కుళాయి తిప్పితే వచ్చే నీటిలో చెరకు తోటల నీరు కూడా కొంత ఉండవచ్చు. గిట్టుబాటు కాక కొందరు రైతులు వేరే పంటలు వేస్తున్నారు.

నగరం పెరగకూడదా? పెరగవలసిందే. పడుచువాళ్ళు మంచి జీతం వచ్చే పనికి పోకూడదా? పోవలసిందే. చెరకు వేసి నష్టపొమ్మని ఏ రైతుకూ మనం చెప్పలేము. కాని ఒక పని పోయిన తరవాత, దాన్ని చేసే నేర్పు కూడా పోతుంది. పాకం నీళ్ళలో వేసి ఉండ చూసే ఆ వేళ్ళ నేర్పు పుస్తకాల్లో దొరకదు. ఒకరి పక్కన నిలబడి మరొకరు నేర్చుకోవలసిందే. అది ఒక్క తరం తెగిపోతే మళ్ళీ అతకటం కష్టం. ఆ నేర్పు నిలవాలంటే మంచి బెల్లానికి మంచి ధర రావాలి. అంటే కథ మళ్ళీ బజారు దగ్గరికే, నమ్మకం దగ్గరికే వచ్చిందన్నమాట.

మీరు చేసి చూడండి

ఒకటి: రెండు రకాల బెల్లం తెప్పించండి. ఒకటి పచ్చనిది, ఒకటి ముదురు రంగుది. ఒక్కొక్క దాన్నుంచి చెంచాడు పొడి తీసి, వేరువేరు గాజుగ్లాసుల్లో నీళ్ళు పోసి కరిగించండి. కదపకుండా అరగంట ఉంచండి. అడుగున ఇసుకా నలుసులూ దేనిలో ఎక్కువ ఉన్నవో చూడండి. పచ్చనిదే శుభ్రమైనదన్న మాట నిజమో కాదో మీ కళ్ళే చెబుతవి.

రెండు: వానాకాలంలో చిన్న బెల్లపు ముక్కలను రెండు పళ్ళేల్లో పెట్టి, ఒకదాన్ని మూత పెట్టి, ఒకదాన్ని తెరిచి ఉంచండి. చీమలు రాకుండా పళ్ళేలను నీళ్ళున్న పెద్ద పళ్ళెంలో ఉంచండి. రెండు రోజుల తరవాత ఏది చెమర్చిందో చూడండి. ఎందుకు చెమర్చిందో పైన చదివారు గదా, మీ తమ్ముడికో చెల్లెలికో చెప్పండి.

మూడు: మీ ఊరి సంతకో, రైతుబజారుకో పెద్దలతో వెళ్ళండి. తూనికరాళ్ళ మీద ముద్ర ఉన్నదేమో చూడండి. ప్రభుత్వంవారు పరీక్షించి వేసే ముద్ర అది. కాటా అయితే, సరుకు పెట్టకముందు అంకె సున్న దగ్గర ఉన్నదో లేదో చూడండి. అట్లా చూడటం అమ్మేవారిని అనుమానించటం కాదు. సరిగా తూచే వర్తకుడు దానికి సంతోషిస్తాడు.

ఈసారి అమ్మ మిమ్మల్ని బెల్లం తెమ్మని పంపితే, దుకాణంలో రంగు చూసి మోసపోకండి. "పొడి వేయని బెల్లం ఉందా?" అని అడగండి. ఇవాళ మీరొక్కరే అడిగితే దుకాణదారు నవ్వవచ్చు. పదిమంది అడిగితే అనకాపల్లి వర్తకుణ్ణి అడుగుతాడు. వర్తకుడు రైతును అడుగుతాడు. అప్పుడు శారద ఒడ్డున ఏదో ఒక పెనం దగ్గర, పొడి డబ్బా మూత తెరవబోయిన చెయ్యి ఆగిపోతుంది.